టిక్కు లేని నోట్‌బుక్

ఆ రోజు పదకొండు గంటలకు, పదో తరగతి గదిలో, నలభై రెండు మంది పిల్లల ముందు నేను అబద్ధం ఆడాను.

తనిఖీకి వచ్చిన అధికారి ఒక నోట్‌బుక్ చేత్తో పట్టుకుని, "ఈ అమ్మాయి సంగతేంటి మాస్టారూ?" అని అడిగాడు. "బద్ధకం సార్. ఎన్నిసార్లు చెప్పినా హోంవర్క్ చేయదు" అన్నాను. ఎన్నిసార్లు చెప్పినా అన్నది అబద్ధం. ఒక్కసారి కూడా చెప్పలేదు. బద్ధకం అన్నది అంతకన్నా పెద్ద అబద్ధం. మా బడిలో ఆ అమ్మాయంత పని చేసే మనిషి మరొకరు లేరు, నాతో సహా.

ప్రభుత్వ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు టీచర్లు మా ఇంటికొచ్చి, "పిల్లలు హోంవర్క్ రేపు రేపు అంటున్నారు సార్, ఎట్లా దారికి తేవాలి?" అని అడిగారు. అప్పుడు ఏవో నాలుగు మాటలు చెప్పి పంపాను. వాళ్లు వెళ్లాక సిగ్గేసింది. చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

బడి, సైరను, నల్లా

ఎనభైల చివర్లో మా బడి నాచారంలో ఫ్యాక్టరీ షెడ్లకూ రైలు పట్టాలకూ మధ్య ఉండేది. పొద్దున ప్రార్థన సగంలో ఉండగా షిఫ్టు సైరను మోగేది. పిల్లలు పాట ఆపి, అది అయ్యాక మళ్లీ అందుకునేవాళ్లు. చాలామంది తల్లిదండ్రులు జనగామ వైపు నుంచీ మెదక్ వైపు నుంచీ వచ్చి షెడ్లలో పని చేసేవాళ్లు. నేను ఉప్పల్‌లో అద్దెకుండేవాణ్ని. సైకిల్ మీద వచ్చేవాణ్ని.

హోంవర్క్ ఎందుకు చేయలేదంటే పిల్లలు చెప్పే కారణాలు ఏడాదంతా అవే. "నల్లా వచ్చింది సార్." "అమ్మ సెకండ్ షిఫ్ట్ సార్, తమ్ముణ్ణి నేనే సూసుకున్న." మొదట్లో వాటిని సాకులనుకున్నాను. కొన్నాళ్లకు తెలిసింది, సగం నిజాలే. నల్లా రోజు విడిచి రోజు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని వాడల్లో, బిందెల వరసలో నిలబడే పని పిల్లలదే.

మిగతా సగం మాత్రం వాయిదాయే. అందులోనూ రకాలున్నాయి. నీళ్లు పట్టమంటే పుస్తకం తెరిచేవాళ్లున్నారు. పుస్తకం తెరవమంటే నీళ్లకు పరిగెత్తేవాళ్లున్నారు. మొదటి రకాన్ని తల్లులు పట్టుకుంటారు. రెండో రకాన్ని ఎవరూ పట్టుకోరు. పని చేస్తున్న పిల్లను ఎవరు తిడతారు? మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకున్నాను.

నా వాయిదా సంగతి కూడా చెప్పాలి. సాయంత్రాలు ఉప్పల్‌లో ట్యూషన్లు చెప్పేవాణ్ని. పెద్ద పెద్ద ప్రభుత్వ సంస్థల్లో పనిచేసే ఇంజనీర్ల పిల్లలు వచ్చేవాళ్లు. వాళ్ల పుస్తకాలు పేజీ పేజీ చూసేవాణ్ని. తప్పు ఏ మెట్టు దగ్గర జరిగిందో అక్కడ గీత గీసి పక్కన రాసేవాణ్ని. బడి పిల్లల నోట్‌బుక్కులు మాత్రం స్టాఫ్ రూమ్ బీరువా మీద కట్టలు కట్టలుగా ఉండేవి. సోమవారం చూద్దాం అనుకునేవాణ్ని. సోమవారాలు వచ్చి పోయేవి. పిల్లల్ని మాత్రం, "ఏవోయ్, నిన్నటి పని ఇవాళా?" అని నిలబెట్టేవాణ్ని.

అనసూయ

అనసూయ ఆరో తరగతి మధ్యలో మా బడికి వచ్చిన పిల్ల. పదో తరగతికి వచ్చేసరికి ఆమె లేకుండా స్టాఫ్ రూమ్ నడిచేది కాదు. పొద్దున అందరికన్నా ముందొచ్చి కుండలో నీళ్లు నింపేది. సుద్దముక్కలు తెచ్చేది, హాజరుపట్టీ తెచ్చేది. లెక్కల పీరియడు మొదలవగానే లేచి నిలబడేది.

"సార్, గ్లాసులు కడిగొస్త."

"వెళ్లమ్మా."

గ్లాసులు కడగడం అటెండర్ మల్లయ్య పని. అతను స్టూలు మీద కూర్చుని బీడీ నలుపుతూ, "ఈ పిల్ల ఉన్నంతసేపు నాకు పెన్షన్ వచ్చినట్టే సార్" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం.

ఆమె దస్తూరీ ముత్యాల్లా ఉండేది. అందుకని హోంవర్క్ ప్రశ్నలు బోర్డు మీద ఆమె చేతే రాయించేవాణ్ని. నేను కుర్చీలో కూర్చుని పుస్తకం చదివేవాణ్ని, ఆమె రాసేది, పిల్లలు ఎక్కించుకునేవాళ్లు. ఎప్పుడైనా ఒకణ్ని బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించాలంటే, అప్పటికే అక్కడుండి సుద్ద పట్టుకున్న పిల్లను ఎవరు పిలుస్తారు? వెనక బెంచీ వాళ్లను పిలిచేవాణ్ని. తొమ్మిదిలోనూ పదిలోనూ నేను లెక్కలు చెప్పిన ఆ రెండేళ్లలో అనసూయ చేత ఒక్క లెక్క చేయించలేదని నాకు తట్టనేలేదు. ఆమె పరీక్ష పేపర్లు దిద్దినప్పుడు మార్కులు తక్కువొచ్చేవి. "పాపం, ఇంటిపని ఎక్కువనుకుంటా" అని రెండు కలిపేవాణ్ని. దాన్ని దయ అనుకున్నాను.

ఎర్రపెన్ను

దసరా సెలవుల తర్వాత ఇన్‌స్పెక్షన్ అని కబురొచ్చింది. మా హెడ్మాస్టరు గుంటూరు వైపు మనిషి. నెమ్మదస్తుడే గాని ఇన్‌స్పెక్షన్ అంటే ఆయనకు చెమటలు పట్టేవి. స్టాఫ్ రూమ్‌లోకి వచ్చి బీరువా మీది కట్టలు చూశాడు.

"ఏమయ్యా, ఇవన్నీ దిద్దినవేనా?"

"అయిపోవచ్చాయి సార్."

జూన్ నుంచి పిల్లలు తెచ్చి పెట్టడం, రాసుకోను తీసుకుపోవడమే గాని, నేను ఒక్క కట్ట విప్పి దిద్దలేదు. అప్పటికి ఇన్‌స్పెక్షన్‌కు మూడు రోజులే ఉన్నాయి. సాయంత్రాలు ట్యూషన్లు మానుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది, వచ్చినట్టే పోయింది. ఆటల పీరియడ్‌లో అనసూయను పిలిచి ఎర్రపెన్ను చేతికిచ్చాను.

"ప్రతి లెక్క పక్కన టిక్కు పెట్టమ్మా. పేజీ కింద తేదీ వెయ్యి. పొట్టి సంతకం నేను పెట్టుకుంటా."

ఆమె పెన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "సార్, తప్పున్నదానికి?"

"దానిక్కూడా టిక్కే. వచ్చేటాయన లెక్కలు చూడడు."

ఇంత స్పష్టంగా అన్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా నోటి నుంచి వచ్చిన మాటల్లో ఇది వెనక్కి తీసుకోవాలనిపించే మాట. పదిహేనేళ్ల పిల్ల మూడు రోజులు స్టాఫ్ రూమ్ కిటికీ పక్కన కూర్చుని, బయట ఖోఖో కేకలు వినబడుతుంటే, నాలుగు నెలల టిక్కులు పెట్టింది. ఎంత చక్కగా పెట్టిందంటే అవి నా టిక్కుల్లాగే ఉన్నాయి. నేను వెనకే కూర్చుని సంతకాలు చేశాను. ఏ పుస్తకం ఎవరిదో కూడా చూడలేదు.

ఇన్‌స్పెక్షన్

ఆ అధికారి చెడ్డవాడు కాదు. వరసల మధ్య నడుస్తూ ఒకటి రెండు పుస్తకాలు తిరగేసి తలూపాడు. పోబోతూ, మూడో వరసలో ఖాకీ అట్ట వేసి, పేరు అందంగా రాసి ఉన్న నోట్‌బుక్ కంటబడి అందుకున్నాడు.

"ఎంత చక్కటి దస్తూరీ!" అన్నాడు. ఒక పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. చాలా పేజీలు తిప్పాడు.

"ఇదేంటమ్మా? ప్రశ్నలున్నాయి, జవాబులేవీ?"

అనసూయ లేచి నిలబడింది. నేను రెండడుగులు వేసి చూశాను. ప్రతి ప్రశ్న నల్లసిరాతో, మార్జిన్ గీసి, నంబరు వేసి ఉంది. ప్రతి ప్రశ్న కింద సరిగ్గా సగం పేజీ ఖాళీ. జూన్ నుంచి అట్లాగే. తర్వాత చేద్దామని వదిలిన జాగా. ఎక్కడా ఎర్రసిరా చుక్క లేదు. మిగతా నలభై ఒక్క నోట్‌బుక్కుల్లో తప్పులకు కూడా టిక్కులు పెట్టిన పిల్ల, తన నోట్‌బుక్కులో ఒక్కటి కూడా పెట్టుకోలేదు. సంతకాలు గబగబా గిలికిన నాకు ఆ పుస్తకం కట్టలో రానేలేదని కూడా తెలియలేదు.

"పక్కమ్మాయి పుస్తకంలో అన్నీ టిక్కులున్నాయే. నీకు మాస్టారు దిద్దలేదా?"

ఆమె నావైపు చూసింది. ఒక్క మాట చెబితే నా పని అయిపోయేది. చెప్పలేదు.

"జెయ్యని లెక్కకు టిక్కు ఎట్ల వెడ్తరు సార్?" అంది.

అప్పుడే ఆయన నన్ను అడిగాడు. అప్పుడే నేను బద్ధకం అన్నాను. అక్కడితో ఆగలేదు. "బయట నిలబడు" అని వరండాలోకి పంపాను. వరండా పిట్టగోడ మీద, అధికారి టీ కోసం పొద్దున ఆమె కడిగి బోర్లించిన గ్లాసులు ఇంకా ఆరుతున్నాయి. వాటి పక్కనే నిలబడింది.

రిపోర్టులో మా బడి గురించి సంతృప్తికరం అని రాశారని సాయంత్రం హెడ్మాస్టరు చెప్పాడు. మిఠాయి తెప్పించాడు. గ్లాసులు మల్లయ్య కడిగాడు.

నాలుగు రోజులు

మర్నాడు అనసూయ రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. బోర్డు మీద ప్రశ్నలు నేనే రాసుకున్నాను. నాలుగో రోజు పక్క బెంచీ అమ్మాయిని అడిగితే, "ఆమె ఇగ రాదట సార్. సోమవారం నుంచి వాళ్లమ్మతోని పాకింగ్‌కు పోతదట" అంది.

హెడ్మాస్టరు గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎర్రపెన్ను సంగతీ చెప్పాను. అధికారికి ఉత్తరం రాస్తానన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"కొరివితో తల గోక్కోకయ్యా. ఆయన రాసేసి వెళ్లిపోయాడు. నువ్విప్పుడు కాదంటే నీ ఉద్యోగం, నా పరువు రెండూ గంగలో కలుస్తాయి."

"మరి ఆ పిల్ల సార్?"

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "అబద్ధం ఎక్కడ ఆడావు?"

"క్లాసులో."

"అక్కడే దిద్దుకో. ముందు ఆ పిల్లను బడికి తీసుకురా. ఆఫీసు ఎక్కడికీ పోదు."

సగం పిరికి సలహా, సగం మంచి సలహా. నేను రెండు సగాలూ తీసుకున్నాను. ఆ ఉత్తరం ఎన్నడూ రాయలేదు. ఆ భాగం ఈనాటికీ దిద్దుకోని తప్పుగానే ఉండిపోయింది.

సత్తెమ్మ ఇంట్లో

శనివారం ఒంటిపూట బడి అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. పట్టాల అవతల రేకుల ఇళ్ల వరసలో ఒకటే గది. అనసూయ తల్లి సత్తెమ్మ మసాలా పొడుల ఫ్యాక్టరీలో పాకెట్లు డబ్బాల్లో సర్దే పని చేసేది. గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"ఏం సార్, అననీకె ఇంకేమన్న మిగిలిందా?"

"అననీకె రాలే అమ్మా. తప్పు నాది. చెప్పనీకె వచ్చిన."

"నా బిడ్డది బద్ధకమా సార్? పొద్దుగాల లేసి నల్లా నీళ్లు పడ్తది, తమ్మునికి తానం పోస్తది, నాకు టిఫిన్ గడ్తది. ఆడికొచ్చి మీ ఎంగిలి గ్లాసులు గడుగుతది. బద్ధకం ఎవలిది సార్?"

"నాది" అన్నాను. ఎర్రపెన్ను కథంతా చెప్పాను. అనసూయ లోపల బియ్యం ఏరుతూ తలెత్తకుండా వింటోంది. సత్తెమ్మ అంతా విని, పీట చూపించింది.

"సర్లె సార్, మీరొచ్చిన్రు, సంతోషం. గని దీనికి లెక్కలు రావు. ఫెయిలైనంక పోయేది ఇప్పుడే పోతది. సూపర్‌వైజర్‌కు చెప్పిన."

అనసూయ దగ్గర కూర్చుని ఆ నోట్‌బుక్ అడిగాను. మొదటి ఖాళీ చూపించాను. ఒక సంఖ్యలో మూడో వంతూ నాలుగో వంతూ కలిపితే ఇరవై ఒకటి. ఆ సంఖ్య ఎంత? ఎందుకు చేయలేదు అని అడగబోయి, మాట మార్చాను.

"ఎక్కడ ఆగిపోయినవమ్మా?"

వేలు పెట్టి చూపించింది. మూడో వంతు, నాలుగో వంతు కలపడం దగ్గర. "గీడ సార్."

"ఎప్పటి నుంచి?"

"ఆరో క్లాసు నుంచి. మా ఊరి బడిల భిన్నాలు ఇంక షురూ గాలే. ఈడికొచ్చేటాలకు అయిపోయినయి."

నాలుగేళ్లు. రెండు బడుల మధ్య ఒక పాఠం జారిపోయింది, దాని మీద నిలబడాల్సినవన్నీ దాంతోపాటే పోయాయి. "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"గ్లాసులు గడిగేటోళ్లను మీరు బోర్డు కాడికి పిలువరు గద సార్" అంది, మామూలుగా, తెలిసిన సంగతి చెప్పినట్టు. "రేపు నేర్సుకుంట, రేపు నేర్సుకుంట అనుకున్న."

సత్తెమ్మ వైపు తిరిగాను. "అమ్మా, మీ డబ్బాలో ఎన్ని పాకెట్లు పడతయి?"

"పన్నెండు."

"అందులో మూడో వంతు తీస్తే?"

"నాలుగు."

"పావు వంతు తీస్తే?"

"మూడు. గిదేం అడుగుడు సార్, రోజు జేసే పనే."

"రెండు కలిపితే?"

"ఏడు. పన్నెండుల ఏడు పోయినయి, అయిదు మిగిలినయి." అని తల్లి కూతురివైపు చూసి, "గింతేనానే? గింతదానికి నాలుగేండ్లు గ్లాసులు గడిగినవా?" అంది.

అనసూయ నవ్వింది. తర్వాత ఏడ్చింది. సత్తెమ్మ కొంగుతో బిడ్డ ముఖం తుడిచి, నా దిక్కు చూడకుండానే, "మార్చి దాంక జూస్త సార్. గంతే. ఆడికెల్లి ఫ్యాక్టరీనే" అంది.

పనిష్మెంట్

సోమవారం మొదటి పీరియడ్‌లో అనసూయ తన చోట కూర్చున్నాక, క్లాసుకు నిజం చెప్పాను. టిక్కులు ఆమె పెట్టినవని, పెట్టించింది నేనని, బద్ధకం నాదని. వెనక బెంచీ వాడొకడు చెయ్యెత్తాడు. రోజూ హోంవర్క్ చేయక నిలబడేవాడు వాడే.

"మరి మీకేం పనిష్మెంట్ సార్?"

అంతా నవ్వారు. నేనూ నవ్వాను. కాని అది న్యాయమైన ప్రశ్న. "మీరే చెప్పండి" అన్నాను. పెద్ద గొడవ చేసి తేల్చారు. రోజుకు పది నోట్‌బుక్కులు, వాళ్ల కళ్లముందే దిద్దాలి. బీరువా మీద పెట్టకూడదు. ఎవరి గ్లాసు వాళ్లే కడుక్కోవాలన్నది అనసూయ పక్కన కూర్చునే అమ్మాయి చేర్చింది.

ఆ పది నోట్‌బుక్కులు నాకు బి.ఎడ్.లో ఎవరూ నేర్పనిది నేర్పాయి. హోంవర్క్ చేయని పిల్లలు చాలామంది ఏదో ఒక మెట్టు దగ్గర ఆగి ఉన్నారు. ఒకడికి తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రాదు, ఇంకొకడికి ప్రశ్న చదవడమే రాదు. చెప్పుకోలేక, రేపు అంటారు. కొందరిది ఉత్త సోమరితనమే, లేదనను. వాళ్లను తిట్టండి. కాని ముందు పుస్తకం తెరిచి చూసి, తర్వాత తిట్టండి. ఇంకొకటి: మీ బడిలో అన్ని పనులకూ ముందుండే పిల్ల ఉంటే మెచ్చుకుని ఊరుకోకండి. ఆమె దేని నుంచి పారిపోతోందో కనుక్కోండి. ఆ పిల్ల పని వల్ల మీకు ఎంత సుఖంగా ఉంటే, ఆ సుఖాన్ని అంత అనుమానించండి. ఆ సుఖమే నా కళ్లు కప్పింది.

ట్యూషన్లు సగం తగ్గించుకున్నాను. రోజూ ఎనిమిదిన్నరకు బడికొచ్చేవాణ్ని. అనసూయ నీళ్లు పట్టి, తమ్ముణ్ణి తయారుచేసి వచ్చేది. వరండాలో గంటసేపు కూర్చునేవాళ్లం. ఆమెకు అంత తేలిగ్గా ఏమీ రాలేదు. నాకు అంత ఓపికా లేదు. రెండుసార్లు విసుక్కున్నాను. ఒకసారి ఆమె లేచి, "కుండల నీళ్లున్నయో లేవో చూసొస్త సార్" అంది. "కూర్చో" అన్నాను. కూర్చుంది. మార్చి నాటికి ఖాళీలన్నీ నిండలేదు, చివరి పేజీలు తెల్లగానే ఉండిపోయాయి. లెక్కల్లో నలభై ఒకటి వచ్చాయి, పాసైంది. ఫ్యాక్టరీకి కాకుండా ఇంటర్‌కు వెళ్లింది. నలభై ఒకటీ ఆమె సంపాదనే, నేను కలిపిన రెండు మార్కులు అందులో లేవు.

నేను చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది. మొదటి ఖాళీ నిండిన పొద్దు.

భిన్నాలతోనే మూడు వారాలు గడిచాక, ఒకరోజు ఆమె నోట్‌బుక్ మొదటి పేజీ తెరిచి నా ముందు పెట్టింది. సగం పేజీ నిండి ఉంది. కింద ముప్పై ఆరు అని రాసి, రెండు గీతలు గీసింది. నాకు సంతోషం ఆగలేదు. జేబులోంచి ఎర్రపెన్ను తీసి మూత విప్పాను.

ఆమె అరచెయ్యి పేజీకి అడ్డం పెట్టింది.

"జర ఆగుండ్రి సార్. చేసి చూసి, అప్పుడు పెట్టుండ్రి."

పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను. లేచి క్లాసు గదిలోకి వెళ్లి సుద్ద తీసుకుని బోర్డు మీద లెక్క మొదటి నుంచి చేశాను. ముప్పై ఆరులో మూడో వంతు పన్నెండు. నాలుగో వంతు తొమ్మిది. కలిపితే ఇరవై ఒకటి. గుమ్మంలో నిలబడి ఒక్కో మెట్టూ తన పుస్తకంతో పోల్చుకుంటూ చూసింది. చివరి అంకె రాశాక నోట్‌బుక్ తెచ్చి బల్ల మీద తెరిచి పెట్టి, చెయ్యి తీసింది.

అప్పుడు పెట్టాను టిక్కు.